ఎండా, గాలీ, నీరూ కరెంటుగా మారేదెలా? మన భూమికి దక్కేదెంత?

(రైతు కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మన ఊళ్లకు కంపెనీల మనుషులు వస్తున్నారు. "మీ భూమిలో సోలార్ పెడతాం, గాలిమర పెడతాం, కౌలు ఇస్తాం" అంటున్నారు. సంతకం పెట్టే ముందు ఆ కరెంటు ఎలా పుడుతుందో, దానికి ఎంత భూమి కావాలో మనకు తెలిసి ఉండాలి. తెలియకపోతే బేరం ఆడలేం.

సైకిల్ డైనమో మనందరం చూసిందే. చక్రం తిరిగితే లోపల అయస్కాంతం తిరుగుతుంది, పక్కనున్న రాగి తీగ చుట్టలో కరెంటు పుడుతుంది. బొగ్గు కేంద్రమైనా, డ్యామ్ అయినా, గాలిమర అయినా సూత్రం ఇదే. తిప్పేది ఏమిటన్నదే తేడా.

డ్యామ్‌లో తిప్పేది నీరు. సెకనుకు వెయ్యి లీటర్ల నీరు 100 మీటర్ల ఎత్తు నుంచి పడితే, నష్టాలు పోను ఒక మెగావాట్‌కు కాస్త తక్కువ కరెంటు వస్తుంది. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు 6 ఉన్నాయి. అవి రివర్సిబుల్ యంత్రాలు. కరెంటు మిగిలిన వేళ కింది నీటిని పైకి ఎత్తిపోస్తాయి, అవసరమైన వేళ అదే నీటితో కరెంటు తీస్తాయి. ఎత్తిపోయడానికి అయ్యే కరెంటు తిరిగి వచ్చేదానికంటే ఎక్కువే. అయినా పగటి సోలార్ కరెంటును రాత్రికి దాచుకోవడానికి ఇదొక మార్గం. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర కట్టింది ఇలాంటిదే. కానీ మనం ఒకటి మరవకూడదు. జలాశయంలో మట్టం పడిపోయేదాకా కరెంటు కోసం నీళ్లు వదిలితే కాలువకు నీళ్లందవు. సాగునీటి తర్వాతే కరెంటు అని మనం అడిగేది అందుకే.

గాలిమరను తిప్పేది గాలి. గాలి వేగం రెండింతలైతే కరెంటు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. అందుకే కంపెనీలు రామగిరి కొండల్లాంటి గాలి బలంగా వీచే చోట్లే వెతుకుతాయి. నైరుతి రుతుపవనాల నెలల్లో మరలు బాగా తిరుగుతాయి, మిగతా కాలంలో మందగిస్తాయి. మరకు కావలసిన జాగా తక్కువ, చుట్టూ సేద్యం చేసుకోవచ్చు. నష్టం చేసేది రోడ్లు. భారీ లారీల కోసం వేసిన మట్టి కట్టలు వాన నీటి వాగులకు అడ్డుపడితే చెరువులకు నీరు రాదు. ఒప్పందంలో ఈ మాట రాయించాలి.

బియ్యపు మిల్లుల ఊక, చక్కెర ఫ్యాక్టరీల చెరుకు పిప్పి మండించి ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. ఆ ఊక, పిప్పి మన పంటవే. వాటితో మిల్లు లాభపడితే అది మన పంట ధరలోనూ కనబడాలి.

ఇక సోలార్. ఇందులో తిరిగేది ఏదీ లేదు. పలకలోని సిలికాన్ మీద ఎండ పడితే ఎలక్ట్రాన్లు కదిలి డీసీ కరెంటు పుడుతుంది. ఇన్వర్టర్ దాన్ని ఏసీగా మారుస్తుంది. పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. వేడెక్కేకొద్దీ దిగుబడి తగ్గుతుంది. దుమ్ము పట్టినా తగ్గుతుంది, కడగడానికి నీళ్లు కావాలి. ఆ నీళ్లు ఎవరి బోరువని అడగాలి.

సోలార్‌కు కావలసిందల్లా భూమి. మెగావాట్‌కు 5, 6 ఎకరాలు. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1000 మెగావాట్ల పార్కుకు దాదాపు 6 వేల ఎకరాలు పోయాయి. మన సరిహద్దు పక్కనే కర్ణాటకలోని పావగడలో సుమారు 13 వేల ఎకరాలు కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల గడువు. లెక్క వేద్దాం. 28వ ఏట కూడా కౌలు 40 వేలు దాటదు. ఈలోగా ధరలు ఎంత పెరుగుతాయో మీకు చెప్పక్కర్లేదు.

ఇంకో లెక్క. ఒక మెగావాట్ రోజుకు సగటున 4,800 యూనిట్లు ఇస్తుందనుకుందాం. ఏడాదికి సుమారు 17 లక్షల 50 వేల యూనిట్లు. యూనిట్ రెండున్నర రూపాయలనుకున్నా దాదాపు 44 లక్షలు. దానికి 6 ఎకరాల కౌలు లక్షా 26 వేలు. నూటికి మూడు రూపాయలు కూడా కాదు. పలకలకు కోట్లు పెట్టుబడి పెట్టారు, నిజమే. మనం పెట్టింది తరతరాల భూమి.

కౌలు డబ్బు పట్టా ఉన్నవారికే వస్తుంది. ఆ భూమిలో కూలి చేసినవారికి, కౌలుకు దున్నినవారికి, మేకలు మేపినవారికి ఏమీ రాదు. పావగడలో ఎక్కువగా దెబ్బతిన్నది వాళ్లే.

మనం సోలార్‌కు వ్యతిరేకం కాదు. 2019లో మొదలైన కుసుమ్ పథకంలో రైతులు, సహకార సంఘాలు తమ భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి కరెంటు అమ్ముకునే వీలుంది. బ్యాంకు అప్పు పుట్టక సామాన్య రైతు అక్కడే ఆగిపోతున్నాడు. ఆ అప్పుకు ప్రభుత్వం హామీ ఉండాలని మనం పోరాడాలి.

ఊళ్లకు వెళ్లి ఈ మాటలు చెప్పండి. ఒంటరిగా ఎవరూ సంతకం పెట్టొద్దు. ఒప్పందం తెలుగులో ఉండాలి, గ్రామసభలో చదవాలి. కౌలు ధరలతో పాటు పెరగాలి. గడువు తీరాక పలకలు, కాంక్రీటు తీసి దున్నుకునే భూమిగా అప్పగించాలి. కూలీలకు, కౌలుదారులకు వాటా రాయాలి. ఎండకూ గాలికీ ఎవరూ పట్టా ఇవ్వలేదు. భూమి పట్టా మాత్రం మన చేతిలో ఉంది. ఆ బలంతో కలిసి బేరమాడదాం.