ఇంటర్వ్యూకు పోవు మన పిల్లలు
(పాఠశాల వార్షికోత్సవమునాడు తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



మార్కులను గూర్చి ప్రతి సంవత్సరము మాటాడుచునే యున్నాము. ఈ సారి చదువు ముగిసిన పిమ్మట మన పిల్లలు పోవలసిన ఇంటర్వ్యూలను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము.

మన కెలమంగలమునకు హోసూరు దగ్గర. అచ్చట అశోక్ లేలండు, టి.వి.ఎస్., టైటాన్ కర్మాగారములు 1980 దశాబ్దమునుండి నడచుచున్నవి. ఇటీవల టాటా ఎలక్ట్రానిక్స్ వారు మన జిల్లాలోనే వేలకొలది యువతులను పనిలోనికి తీసికొనిరి. కేంద్రప్రభుత్వము తన క్రింది శ్రేణి ఉద్యోగములకు 2016 జనవరి 1వ తేదీనుండి ఇంటర్వ్యూలను తీసివేసినది. అచ్చట వ్రాతపరీక్షయే ప్రధానము. కర్మాగారములలోను, బ్యాంకు ఆఫీసరు ఉద్యోగములలోను ఇంటర్వ్యూ తప్పదు. వ్రాతపరీక్షలో నెగ్గి, ఈ మెట్టుకడ ఆగిపోవు పిల్లలు మనలో కలరు.

కారణమేమని అడిగినచో, "ఏమి చేయుదుము సార్, తెలుగు మీడియము గదా" అని తండ్రులు మాతో చెప్పుచున్నారు. ఈ మాట సగమే నిజమని మా అభిప్రాయము. మా పాఠశాలలో చదివి, పిమ్మట డిప్లొమా ముగించిన బాలుడొకడు ఒక కర్మాగారమునకు ఇంటర్వ్యూకు పోయెను. "నిన్ను గూర్చి చెప్పుము" అని వారు అడుగగా, కంఠస్థము చేసిన ఇంగ్లీషు వాక్యములను తడబడక అప్పగించెను. వారు సంతోషించి, "మీ ఊరిలో ఏమి పండును?" అనిరి. ఈ ప్రశ్న అతడు చదివిన పుస్తకములో లేదు. బాలుడు తల వంచుకొని కూర్చుండెను. తండ్రితోగూడ రోజాతోటలో మందు కొలిచి కలుపువాడు, బిందుసేద్యపు గొట్టములు పూడుకొనిపోయినపుడు తానే విప్పి బాగుచేయువాడు, తన ఊరి పంటను చెప్పలేకపోయెను! తరువాత మేమడుగగా, "పల్లెటూరివాడనని అనుకొందురేమో అని భయపడితిని సార్" అనెను. గొట్టము విప్పి బాగుచేయగల చేతినే వారు వెదకుచుండిరని ఆ బాలునకు ఎవరును చెప్పలేదు. ఇంగ్లీషు చాలనపుడు "తమిళమున చెప్పవచ్చునా?" అని వినయముగా అడుగుటలో తప్పులేదు. తెలియనిదానిని తెలియదనుటలో అంతకన్నను తప్పులేదు. మౌనమే చెరుపు.

ఇట్టిదే మరియొకటి. దరఖాస్తులో "తెలిసిన భాషలు" అని ఒక గడి యుండును. మన పిల్లలు అందులో తమిళము, ఇంగ్లీషు అని వ్రాసి ఊరకుందురు. ఇంట తెలుగు, సంతలో కన్నడము, బడిలో తమిళము, పొరుగున ఉర్దూ వినుచు పెరిగిన బిడ్డ తన సొత్తులో సగము దాచుకొని వచ్చుచున్నాడన్నమాట. మూడు రాష్ట్రములవారు కలిసి పనిచేయు హోసూరులో ఇన్ని భాషలు మాటాడువానికి విలువ లేకపోవునా?

2016 సివిల్ సర్వీసు పరీక్షలో శ్రీకాకుళము జిల్లావారగు శ్రీ రోణంకి గోపాలకృష్ణగారు తెలుగున పరీక్ష వ్రాసి, 275 మార్కుల ఇంటర్వ్యూను సైతము దుబాసీ సాయముతో తెలుగుననే యిచ్చి, దేశమున మూడవ స్థానము పొందిరి. ఇది చెప్పుట తెలుగు చాలునని కాదు. కర్మాగారములలో మనకు దుబాసీని ఎవరును పెట్టరు. ఈ రాష్ట్రప్రభుత్వపు ఉద్యోగ పరీక్షలలో తమిళ పత్రమున నెగ్గవలెనని 2021లో ఉత్తరువు వచ్చినది. కావున తమిళమును శ్రద్ధతో నేర్పవలసినదే, ఇంగ్లీషును నేర్పవలసినదే.

ఇక తలిదండ్రులవలన జరుగు పొరపాట్లు. మన ఇండ్లలో పేరుకు ముందు ఇంటిపేరు వ్రాయుట ఆచారము. ఇచ్చట తండ్రి పేరులోని మొదటి అక్షరమును వ్రాయుదురు. ఆధారులో ఒక విధముగను, మార్కుల పట్టీలో వేరొక విధముగను పేరుండుటచే, ఎన్నికైన తరువాత పిల్లలు తిరుగుడు పడుచున్నారు. పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపకముందే వచ్చి సరిచూచుకొనుడు.

ఆడపిల్లల విషయము ముఖ్యము. "రాత్రి షిఫ్టు చేయుదువా? హాస్టలులో ఉందువా?" అని అడుగగా, "మా నాయనను అడుగవలెను" అని బిడ్డ చెప్పినచో, అంతటితో ఆ అవకాశము జారిపోవచ్చును. అవుననుడు, కాదనుడు, అది మీ యిష్టము. కాని ఆ చర్చ ముందునాటి రాత్రియే ఇంటిలో ముగియవలెను. బిడ్డ తన నోటితో తన నిర్ణయమును చెప్పుకొనవలెను. గేటుదాక తోడు పోవుడు; లోనికి పోయి మీరు సమాధానములు చెప్పకుడు. ఉద్యోగమిప్పింతుమని రూకలడుగువారికి ఒక్క రూపాయి ఈయకుడు, అసలు సర్టిఫికేట్లను వారి చేతికి అప్పగింపకుడు.

దుస్తుల సంగతి రెండు మాటలు. ఉతికి ఇస్త్రీ చేసినవి చాలును. కంఠకౌపీనము కొనుటకు అప్పు చేయనక్కరలేదు. ఒక గంట ముందు చేరుట మేలు. మన బస్సుల సంగతి మీకు తెలియనిది కాదు.

పై తరగతుల పిల్లలకును, చదివి వెళ్లినవారికిని వేసవి సెలవులకు ముందు బడిలోనే మాదిరి ఇంటర్వ్యూలు జరుపదలచినాము. మాకు తెలిసిన ప్రశ్నలు కొన్నియే. మీలో కర్మాగారములందు పనిచేయుచున్నవారు పలువురు కలరు. ఒక ఆదివారము వచ్చి, బల్లకు ఆవలివైపున కూర్చుండి, మీ మేస్త్రీలు మిమ్ము అడిగిన ప్రశ్నలను మన పిల్లలను అడుగుడు. రాదలచినవారు ఈ సభ ముగిసిన వెంటనే గుమాస్తాగారికడ తమ పేర్లు వ్రాయింపగోరుచున్నాము.