దివిసీమ: పాయలు, పల్లెలు

దివిసీమ అనగానే ముందు వరసలో ఒకాయన "డెబ్బై ఏడు ఉప్పెన" అనేశారు. 1977 నవంబరు 19ని మరిచిపొమ్మని నేననను. వేలమంది పోయారు. కానీ ఆ సీమకు అంతకు ముందూ తర్వాతా బతుకే లేనట్టు మాట్లాడతారు చూశారూ, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకో మాట: "కృష్ణ సముద్రంలో కలిసేది హంసలదీవిలో." పిల్లల క్విజ్ పుస్తకాల నుంచి కార్తీకమాసం ప్యాకేజీ బస్సుల దాకా ఇదే పాట. అయ్యా, పులిగడ్డ దగ్గర నది చీలుతుంది. ఎడమ పాయ హంసలదీవి వైపు పోతుంది, నిజమే. మరి మిగతా నది? నాగాయలంక పక్కగా దిగి, మళ్ళీ నడిమేరు, గొల్లమత్తపాయ, అసలు కృష్ణగా విడిపోయి కడలి చేరుతుంది. మీరు హంసలదీవిలో మునగండి, వేణుగోపాలస్వామిని చూడండి, కాకి హంసైన కథ వినండి, నాకేం అభ్యంతరం లేదు. మొన్నొకాయన గుడి ఫోటో చూపించి "ఇదిగో రుజువు" అన్నాడు. నదికి గుడి రుజువా? పటం ముందు పెడితే, "పటాలదేముందండీ" అన్నాడు. నవ్వకండి, ఆయన ఈ సభలోనే ఉండొచ్చు.

ఈ పాయల్ని బట్టే ఊళ్ళ తీరు. అవనిగడ్డ చుట్టుపక్కలకు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా కాలువ నీరు వస్తుంది. వరి, కోతకు ముందే చేలో చల్లిన మినుము. దిగువ శివారు భూములకు ఆ నీరు చేరేసరికి సగం ఓపిక పోతుంది. ఇంకా కిందికి వెళితే ఉప్పునీరు, అగ్నికుల క్షత్రియుల వేట పడవలు. మడ అడవుల్లో యానాదులు పీతలు పట్టడం చూశారా? మోకాలి లోతు బురదలో నిలబడి, వంచిన ఇనపచువ్వ బొరియలోకి దించి, తగిలిన పీతను మెల్లగా బయటికి లాగుతారు. వెంటనే కాళ్ళు తాడుతో బిగిస్తారు, లేకపోతే వేలు పోయినట్టే.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. రొయ్యల చెరువుల సంగతి, నాగార్జునసాగర్, శ్రీశైలం వెనక ఆగిపోయిన ఒండ్రు, అది రాక కోత పడుతున్న తీరం, ఒక్కోదానికీ ఒక్కో సభ కావాలి. డీఎస్సీ కోచింగ్ కోసం ఎక్కడెక్కడి పిల్లలో అవనిగడ్డలో గదులు తీసుకుంటారు, అది చెప్పనే లేదు. ప్రశ్నలుంటే చీటీ మీద రాసి పంపండి.