ఎండిన కార్ట్రిడ్జి నేర్పిన పాఠం
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ మాట్లాడినది)



నేను పదో తరగతి దాకానే చదివాను. మిషన్ల గురించి చెప్పేంత దాన్ని కాదు. మేం పోగొట్టుకున్నట్టు మీరు డబ్బు పోగొట్టుకోకూడదని చెబుతున్నా.

మా సంఘం లోన్ తీసుకుని బడి పక్కన జెరాక్సు, ఫోటోల షాపు పెట్టింది. వేసవి సెలవుల్లో గిరాకీ లేక నెలన్నర ప్రింటర్ ముట్టుకోలేదు. బడులు తెరిచాక జనం వచ్చారు. ప్రింట్ కొడితే తెల్లకాగితమే బయటికొచ్చింది. నేను ఎవరినీ అడక్కుండా పాతవి గూట్లో పడేసి, రెండు వేల దాకా పెట్టి కొత్త కార్ట్రిడ్జిలు కొన్నాను. ఆ నెల కిస్తీకి డబ్బు తగ్గింది. మీటింగులో రెండో లీడర్ అక్క "ఎవర్నడిగి కొన్నావమ్మా?" అంది. కోపమొచ్చింది గానీ, ఆమె అడిగింది న్యాయమే.

తర్వాత ప్రింటర్లు బాగుచేసే అబ్బాయి అసలు సంగతి చెప్పాడు. హెచ్‌పీ, కెనాన్ చిన్న ప్రింటర్లలో చాలావాటికి ఇంకు వచ్చే సన్న రంధ్రాలు కార్ట్రిడ్జి అడుగునే ఉంటాయి. ఇంకు లోపల ఉన్నా, ఆ రంధ్రాల దగ్గర ఎండి అడ్డం పడుతుంది.

గోరువెచ్చని నీళ్ళలో మెత్తని, నూగు రాలని గుడ్డ తడిపి పిండాలి. నాలుగు మడతలు పెట్టి, దానిమీద కార్ట్రిడ్జిని రంధ్రాల వైపు ఆనించి రెండు మూడు నిమిషాలు ఉంచాలి. కలర్‌దైతే నీలం, గులాబీ, పసుపు మూడు చారలూ గుడ్డమీద పడాలి. పడకపోతే మళ్ళీ చేయాలి. సూదితో పొడవొద్దు. రాగి రంగు చుక్కలు పొడిగా తుడిచి, ప్రింటర్‌లో పెట్టి, క్లీనింగ్ ఒకటి రెండుసార్లే కొట్టాలి. ఎక్కువ కొడితే ఇంకంతా దానికే పోతుంది.

గూట్లో ఉన్న నాలుగింట్లో రెండు బతికాయి. ఒకదానికి పసుపు రాలేదు. ఇంకోటి నా తప్పు వల్లే పోయింది. అక్షరాలు వెలిసిపోతున్నా "ఇంకో నాలుగు కాగితాలు" అని లాగాను. ఇంకు లేకుండా నడిపితే లోపల వేడెక్కే భాగం మాడిపోతుంది. దానికిక మందు లేదు. వెలవగానే ఆపితే మళ్ళీ ఇంకు నింపుకోవచ్చు.

బయటికి తీసిన కార్ట్రిడ్జిని గాలికి వదలకండి. దాంతో వచ్చిన క్లిప్పు పెట్టి, గాలి చొరని డబ్బాలో, పక్కన తడి దూది ఉంచి, ఎండ తగలనిచోట దాచండి. డబ్బామీద తేదీ రాయండి. ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆపండి. నేను గోడ స్విచ్చి కట్టేసేదాన్ని. అలా చేస్తే రంధ్రాలకు మూత పడక ఎండిపోతాయట.

ఇప్పుడు వారం వారం మీటింగు కాగానే పొదుపు లెక్క రంగుల్లో ఒక కాగితం తీస్తున్నాం. లెక్కా అందరికీ కనబడుతుంది, ఇంకూ ఎండదు. కార్ట్రిడ్జి కొనాలన్నా, పారేయాలన్నా ముందు మినిట్స్ పుస్తకంలో రాస్తున్నాం. ఆ రోజు అక్క అడక్కపోతే నేనింకా కొంటూనే ఉండేదాన్ని. మీ సంఘంలో లెక్క అడిగేవాళ్ళమీద కోపం తెచ్చుకోకండి.

సెలవు.