పాఠంలోకి వచ్చిన ఇల్లు

(జూనియర్ కాలేజీలో చాలాకాలం సోషియాలజీ చెప్పిన ఒక మాస్టారి సంస్మరణ సభలో చేసిన ప్రసంగానికి అచ్చు రూపం)



ఇలాంటి సభల్లో మొదటి పావుగంట పోయినవారిని పొగడటం ఆనవాయితీ. మాస్టారికి పొగడ్త గిట్టదు. ఎవరైనా మొదలుపెడితే "అసలు సంగతికి రండి" అనేసేవారు. అందుకని అసలు సంగతికే వస్తున్నాను.

మన పిల్లలు బడిలో తప్పకుండా రాసే వ్యాసం ఒకటుంది: ఉమ్మడి కుటుంబాల విచ్ఛిన్నం. అందులో ఏముంటుందో ఇక్కడున్న అందరికీ కంఠతా వచ్చు. పూర్వం అందరూ ఒకే ఇంట్లో కలిసి ఉండేవారు. చదువులొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి, పట్నాలు పెరిగాయి. పెద్ద కుటుంబాలు ముక్కలయ్యాయి, వృద్ధాశ్రమాలు వెలిశాయి. గమనించారా, ఇందులో కుటుంబం ఉంది, చదువూ ఉంది, చదువే కుటుంబాన్ని చెడగొట్టిందన్న నేరారోపణ కూడా ఉంది. ఈ కథ ఎక్కడ పుట్టింది, నిజమో కాదో తేల్చడానికి ఎవరు బయల్దేరారు, వాళ్లకి ఏం కనిపించింది, అందులో మన తరగతి గదిదాకా వచ్చిందెంత? ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే.

కథ పుట్టింది కోర్టుల చుట్టూ. బ్రిటిష్ న్యాయ పండితుడు హెన్రీ మెయిన్ 1861లో ‘ఏన్షియంట్ లా’ అచ్చువేసి, మరుసటి ఏడు వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా మన దేశానికి వచ్చాడు. ప్రాచీన సమాజానికి పునాది వ్యక్తి కాదు, కుటుంబం అన్నది ఆయన సిద్ధాంతం. హిందువుల ఉమ్మడి కుటుంబం ఆ ప్రాచీనతకు ఇంకా బతికున్న సాక్ష్యంగా ఆయనకు కనబడింది. మద్రాసులో న్యాయవాదిగా పేరు తెచ్చుకున్న జాన్ మేన్ 1878లో హిందూ న్యాయం మీద పెద్ద గ్రంథం వేశాడు. ఈ పుస్తకాల్లో ఉమ్మడి కుటుంబం అంటే ప్రధానంగా ఆస్తి. మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్య ప్రకారం పుట్టుకతోనే వాటా వచ్చే మగవాళ్ల వరస. ఎవరికెంత వాటా, ఎవరికి అమ్మే హక్కుంది, తండ్రి చేసిన అప్పు ఎవరి నెత్తిన పడుతుంది, ఇవీ కోర్టు ప్రశ్నలు. అన్నం, పూజ కలిసి ఉన్నాయా అని అడిగినా అది ఆస్తి సంగతి తేల్చడానికే. పంచుకోవడానికి సెంటు భూమి లేనివాడు భాగపంపకాల దావా వేయడు కదా, అందుకని అలాంటి ఇళ్లు ఆ గ్రంథాలకు ఎక్కనే లేదు. ఆస్తిపరుల దావాల్లోంచి తీసిన బొమ్మ క్రమంగా భారతీయ కుటుంబం బొమ్మ అయిపోయింది.

ఆ వాటాదారుల వరసలోకి ఆడపిల్లని చేర్చడంలో తెలుగువాళ్లు దేశంకన్నా ముందున్నారని ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. హిందూ వారసత్వ చట్టానికి ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లల్ని మాత్రం వదిలేసింది. దేశమంతటికీ కేంద్ర చట్టం 2005లో వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఉమ్మడి కుటుంబం అనగానే నులకమంచం మీద తాత, చుట్టూ మనవలు ఉన్న బొమ్మ వేస్తారు గానీ ఈ సంగతి ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

ఇక గడప గడపకీ వెళ్లినవాళ్ల దగ్గరికొద్దాం. ముందు మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే. 1905లో బర్మాలో పుట్టారు, బెర్లిన్‌లో డాక్టరేట్ చేశారు, పుణె డెక్కన్ కాలేజీలో పనిచేశారు. వితంతువుల చదువు కోసం జీవితం ధారపోసిన ధోండో కేశవ్ కర్వేకి ఆవిడ కోడలు. పుణె వీధుల్లో స్కూటర్ నడిపిన తొలితరం ఆడవాళ్లలో ఒకరు. 1953లో వచ్చిన ఆవిడ పుస్తకం భారతదేశంలో బంధుత్వ వ్యవస్థను నాలుగు మండలాలుగా చూపించింది: ఉత్తరం, మధ్యం, దక్షిణం, తూర్పు. ఉత్తరాదిలో పెళ్లికూతురు ముక్కూమొహం తెలియని ఊరికి వెళుతుంది. మన దగ్గర మేనరికం ఉన్నచోట మేనత్తే అత్తగారు, చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మేనమామే మామగారు. ఆ కోడలి కష్టాలు వేరు, ధీమా వేరు. దేశానికంతటికీ ఒకే కుటుంబం పాఠం రాసేస్తే ఈ తేడా పోతుంది. పోయింది కూడా. ఉమ్మడి కుటుంబానికి కర్వే ఇచ్చిన నిర్వచనం మాత్రం నిలిచిపోయింది: ఒకే కప్పు, ఒకే పొయ్యి, ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి పూజ, వీళ్లంతా ఒకరికొకరు బంధువులై ఉండటం.

అదే కాలంలో మన పక్కనే ఇంకో పని జరిగింది. ఉస్మానియాలో పాఠం చెబుతున్న శ్యామాచరణ్ దూబే 1951, 52 ప్రాంతాల్లో వేర్వేరు శాఖల వాళ్లని వెంటబెట్టుకుని హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటలో మకాం పెట్టారు. దాని ఫలితమే 1955లో వచ్చిన ‘ఇండియన్ విలేజ్’. అందులో కుటుంబ సంబంధాల మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది. పెళ్లయిన కొన్నేళ్లకే కొడుకులు వేరు కాపురాలు పెట్టుకోవడం ఆ ఊళ్లో వింతేమీ కాదు. ఐటీ ఉద్యోగాలు లేవు, ఔటర్ రింగు రోడ్డు లేదు, వృద్ధాశ్రమం అన్న మాట లేదు. అయినా వేరు పడటం ఉంది. ఇవాళ శామీర్‌పేటలో న్యాయశాస్త్రం చెప్పే నల్సార్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ హిందూ న్యాయం చదివే పిల్లలు మెయిన్‌తోపాటు దూబే పుస్తకం కూడా తిరగేస్తే బాగుండునని నా ఆశ.

మాస్టారికి మాత్రం అందరిలోకీ ఐ.పి. దేశాయి అంటే ప్రాణం. గుజరాత్ సముద్రతీరంలో మహువా అని చిన్న పట్నం. అక్కడ 400 పైచిలుకు ఇళ్లను పరిశీలించి ఆయన 1964లో పుస్తకం వేశారు. ఆయన అడిగిన ప్రశ్నే వేరు. ఒక కప్పు కింద ఎంతమంది ఉన్నారన్నది చూసి ఊరుకోలేదు. వేరే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల మధ్య ఆస్తి కలిసే ఉందా? డబ్బు అటూ ఇటూ వెళుతోందా? పెళ్లికీ చావుకీ ఎవరు ఎవరికి నిలబడుతున్నారు? ఇలా అడిగేసరికి బయటికి చిన్నగా కనిపించిన ఎన్నో ఇళ్లు లోపల ఉమ్మడిగానే ఉన్నాయని తేలింది.

మాస్టారు దీన్ని పాఠంగా చెప్పి వదల్లేదు. కర్వే నిర్వచనంలోని షరతుల్ని, దేశాయి ప్రశ్నల్ని కలిపి ఒక కాగితం తయారుచేసి పిల్లల చేత ఇంటికి పంపేవారు. ఒకమ్మాయి నింపి తెచ్చిన కాగితం నేను చూశాను. బాబాయి ఇల్లు వీధికి ఆ పక్క. వంట వేరు. రేషన్ కార్డు ఎప్పుడో విడగొట్టుకున్నారు, కరెంటు మీటరు వేరు. పొలం మాత్రం తాత పేరు మీదే ఉంది. కోతలయ్యాక బస్తాలు రెండిళ్లకీ చేరతాయి. నాయనమ్మ ఒక నెల ఇక్కడ, ఒక నెల అక్కడ. ఈ పిల్ల ఫీజు బాబాయి కట్టాడు, బాబాయి కొడుక్కి హాస్టల్ సీటు కోసం వీళ్ల నాన్న తిరిగాడు. కాగితం అడుగున ‘మీది సమష్టి కుటుంబమా, వ్యష్టి కుటుంబమా?’ అన్నచోట ఆ అమ్మాయి రెండుసార్లు రాసి రెండుసార్లూ కొట్టేసి ఖాళీగా ఉంచింది. మాస్టారు ఆ ఖాళీకి పూర్తి మార్కులు వేశారు.

దేశాయి తర్వాత ఎ.ఎం. షా. బరోడాలో సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ దగ్గర చదువుకున్నారు. గుజరాత్‌లోనే ఒక పల్లెను ఎంచుకుని, అక్కడ ప్రత్యక్షంగా చూసినదానికి తోడు 1820ల నాటి రికార్డులు కూడా వెతికి పట్టుకున్నారు. ఇల్లు వేరు, కుటుంబం వేరు, రెంటినీ కలగలిపి మాట్లాడొద్దన్నది ఆయన పట్టు. ఆయన 1998లో రాసిన మాట ఒకటి 11వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సోషియాలజీ పుస్తకంలో ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో ఉమ్మడి ఇళ్లు తగ్గడం కాదు, పెరిగాయి అని! కారణం ఆయుర్దాయం. 1941-50లో మగవాళ్ల సగటు ఆయువు 32.5 ఏళ్లు, 1981-85 నాటికి 55.4. ఆడవాళ్లకి 31.7 నుంచి 55.7. ముప్ఫై ఏళ్ల సగటు ఆయువున్న దేశంలో మనవళ్లని ఎత్తుకునే తాతలు ఎంతమంది ఉంటారు? మూడు తరాలు ఒక ఇంట్లో ఉండాలంటే ముందు మూడు తరాలూ బతికుండాలి కదా. ఇంత ముఖ్యమైన మాట పుస్తకంలో ఉండి కూడా వ్యాసరచన పోటీల్లో పాత కథే బహుమతి కొట్టేస్తోంది.

అలాగని అన్ని ఇళ్లూ కలిసే ఉన్నాయనీ నేను అనను. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇంటికి సగటున 4.9 మంది ఉంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నలుగురే. అయితే కానుపులు తగ్గినా ఇల్లు చిన్నదవుతుంది. దాన్ని చూపించి బంధాలు తెగాయనడానికి లేదు.

ఇప్పుడు చదువు సంగతి. సోషియాలజీకి బడితో చుట్టరికం పుట్టుకతోనే వచ్చింది. ఫ్రాన్సులో డర్క్‌హైమ్‌ని 1887లో బోర్డో విశ్వవిద్యాలయంలో తీసుకున్నది సామాజిక శాస్త్రంతోపాటు బోధనాశాస్త్రం చెప్పడానికి. అంటే బడిపంతుళ్లకు పాఠం చెబుతూనే ఆయన ఈ శాస్త్రాన్ని నిలబెట్టాడు. మన దేశంలో అంతకన్నా ముందే, 1882లో, విద్య మీద వేసిన హంటర్ కమిషన్‌కి విన్నపం రాసిన జోతీరావు ఫూలే ఒక సూటి లెక్క అడిగాడు: పన్ను కట్టేది రైతు, ఆ డబ్బుతో చదువుతున్నది ఎవరి పిల్లలు? ఇది శుద్ధమైన సోషియాలజీ ప్రశ్న, అప్పటికి మన విశ్వవిద్యాలయాల్లో ఆ సబ్జెక్టే లేకపోయినా.

స్వాతంత్ర్యం తర్వాత ఆ ప్రశ్నను మళ్లీ ఎత్తుకున్నది ఎవరనుకున్నారు? కుటుంబాల్ని లెక్కించినవాళ్లే. మహువాకి వెళ్లకముందే దేశాయి పుణె హైస్కూలు విద్యార్థుల మీద 1953లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఢిల్లీ చుట్టుపక్కల అగర్వాల్ కుటుంబాల మీద 1968లో పుస్తకం రాసిన ఎం.ఎస్. గోరే, దేశాయి, సుమా చిట్నిస్ ముగ్గురూ కలిసి 1967లో ఎన్‌సీఈఆర్‌టీ కోసం విద్యా సోషియాలజీ వ్యాసాల సంపుటం తెచ్చారు. అది విద్య మీద వేసిన కొఠారి కమిషన్ నివేదిక ఇచ్చిన మరుసటి ఏడు. చదువు కుటుంబాన్ని ఏం చేసిందన్నది మన వ్యాసం వేసే ప్రశ్న. వీళ్ల ప్రశ్న తిరగేసి ఉంది: ఏ ఇంటి పిల్లలు బడిదాకా వస్తున్నారు, ఏ ఇంటి పిల్లలు మధ్యలో ఆగిపోతున్నారు?

జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. పత్తి తీతలప్పుడు, మిరప కోతలప్పుడు మన పల్లె బడుల హాజరుపట్టీ తెరిచి చూడండి. ఏ పేర్ల ఎదుట గైర్హాజరు వరసగా పడుతుందో ఆ ఇళ్లలో కూలికి వెళ్లేదెవరో, చంటిపిల్లని చూసుకునేదెవరో కనుక్కోండి. తల్లి పొలంలో ఉంటే పెద్దపిల్ల ఇంట్లో ఉంటుంది. ‘తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు’ అని టీచర్ల గదిలో వినిపించే మాట ఎంత తేలికైనదో ఆ పట్టీయే చెబుతుంది. ఈ మాటంటే మాస్టారికి మండిపోయేది. నాకూ అంతే.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఈ విషయంలో మెరుగే. పిల్లవాడి సొంత అనుభవాన్ని పాఠంలోకి పిలిచాయి. కానీ పరీక్ష పద్ధతి పెద్దగా మారలేదు. పదో తరగతిదాకా మన రాష్ట్ర బడుల్లో సోషియాలజీ వేరుగా లేదు, సాంఘికశాస్త్రంలో తలో మూలా ఉంది. ఇంటర్లో ఎంచుకునేవాళ్లు కొద్దిమంది. వాళ్లకైనా దేశాయి ముగింపు బట్టీకి వస్తుంది గానీ ఆయన అడిగిన ప్రశ్నలు రావు.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు రెండు మాటలు విన్నవించి ముగిస్తాను. ఇంటి గురించి అడిగేటప్పుడు జాగ్రత్త. తండ్రి వదిలేసి వెళ్లిన పిల్ల, హాస్టల్లో పెరిగిన పిల్లవాడు అదే బెంచీ మీద కూర్చుని ఉంటారు. కాగితాలు పైకి చదివించకండి, గోడకు అంటించకండి. రెండోది, సీబీఎస్‌ఈ 12వ తరగతి సోషియాలజీలో ప్రాజెక్టుకి 20 మార్కులున్నాయి. దాన్ని జిరాక్స్ షాపులో దొరికే రెడీమేడ్ ఫైలుతో కానిచ్చేయకండి. ఇంటర్ వాళ్లు మార్కులు లేకపోయినా చేయించండి. పిల్లల్ని పది గడపలకి పంపండి, ఎవరి పొయ్యి ఎవరిదో, ఎవరి ఫీజు ఎవరు కట్టారో అడిగి రాసుకు రమ్మనండి. ఆ తర్వాతే వ్యాసం రాయించండి.