ఐదు కోట్ల ప్రశ్న, అంగుళం పటం



ప్రశ్నోత్తరాల పోటీ ఈ దేశంలో టెలివిజన్ ద్వారా కూడా ఇళ్ల ముంగిళ్లలోకి వచ్చినది. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు నిర్వహించిన ‘క్విజ్ టైమ్’ కళాశాల విద్యార్థుల వినోదం. అందులో గెలిచినవారికి కీర్తి దక్కేది. 2000 జూలైలో అమితాబ్ బచ్చన్ నిర్వహణలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలైన పిదప కీర్తి స్థానాన్ని ధనం ఆక్రమించినది. తమిళంలో 2012లో సూర్య, తెలుగులో 2014లో నాగార్జున అదే ఆటను నడిపారు. ఒక జవాబుకు లక్షలు పలుకుతున్నాయనగానే తల్లిదండ్రుల చూపు సామాన్య విజ్ఞాన పుస్తకాల మీదికి మళ్లినది. రాజధానులు, నదులు, శిఖరాలు, ద్రవ్యాల పేర్లు పిల్లలచేత వల్లె వేయించడం ఇంటింటి వ్యవహారమైనది. ఆ శ్రమకు తగిన ఫలం ఉన్నదా అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

2011లో ఆ హిందీ కార్యక్రమంలో బిహార్‌లోని మోతీహారికి చెందిన సుశీల్ కుమార్ ఐదు కోట్ల రూపాయలు గెలుచుకున్నాడు. ఉపాధి హామీ పథకంలో నెలకు సుమారు ఆరువేల రూపాయల జీతానికి కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేస్తున్న యువకుడతడు. అతనికి ఎదురైన చివరి ప్రశ్న ఇది: 1868 అక్టోబరు 16న నికోబార్ దీవులపై హక్కులను బ్రిటిష్ వారికి విక్రయించి, భారతదేశంతో తన సంబంధాన్ని ముగించుకున్న వలస రాజ్యం ఏది? బెల్జియం, ఇటలీ, డెన్మార్క్, ఫ్రాన్స్ అని నాలుగు పేర్లు ఇచ్చారు.

ఈ తేదీని కంఠస్థం చేసిన విద్యార్థి దేశంలో ఎంతమంది ఉంటారు? ఏ గైడులోనూ సాధారణంగా కనబడని తేదీ ఇది. కానీ ప్రశ్నను నిదానంగా చదివితే అది తేదీని అడగడం లేదు. ‘సంబంధాన్ని ముగించుకున్న’ అన్న మాటలో తాళంచెవి ఉన్నది. యానాం పేరు ఎరిగిన తెలుగు బాలుడెవడైనా ఫ్రాన్స్‌ను వెంటనే తొలగించగలడు. పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాం 1954 వరకు ఫ్రెంచివారి చేతిలోనే ఉన్నవి. 1868లో వారి సంబంధం ముగిసే ప్రశ్నే లేదు. బెల్జియం 1830లో స్వతంత్ర రాజ్యమైనది, ఇటలీ 1861లో ఏకమైనది. ఈ రెండింటికీ భారత తీరంలో స్థావరాలు ఉన్నట్లు పాఠ్యపుస్తకాలలో ఎక్కడా రాదు. మిగిలినది డెన్మార్క్.

ఇక్కడే తమిళనాట చదువుకొనే తెలుగు పిల్లలకు సంబంధించిన ముఖ్యమైన విషయం కలదు. డెన్మార్క్ వారు భారతదేశంలో మొదట కాలూనినది ఈ రాష్ట్రంలోని తరంగంబాడిలో. 1620లో వారికి ఆ స్థలాన్ని అనుగ్రహించిన పాలకుడు తంజావూరు రఘునాథ నాయకుడు. వాల్మీకి చరిత్రము రచించిన కవిరాజు ఆయనే. చేమకూర వేంకటకవి విజయవిలాసాన్ని అంకితమిచ్చినది ఆయనకే. తెలుగు వాచకంలో ఆ పేరు చదువని విద్యార్థి ఉండడు. అదే రఘునాథుడు ఉత్తర ఐరోపా నుండి వచ్చిన ఓడల వారితో ఒడంబడిక చేసుకున్నాడనీ, తరంగంబాడిలో డాన్స్‌బోర్గ్ కోట నేటికీ సముద్రాన్ని చూస్తూ నిలిచి ఉన్నదనీ చరిత్ర పుస్తకం చెప్పాలి. తెలుగు పుస్తకం తెలుగు తరగతిలోనూ, చరిత్ర పుస్తకం చరిత్ర తరగతిలోనూ మూతబడి ఉండడం చేత రెండు పేర్లూ ఒకరికొకరు పరిచయం కాకుండానే పరీక్షలు ముగుస్తున్నవి.

1756లో డేన్లు తరంగంబాడి నుండే నికోబార్ దీవులకు వెళ్లారు. అక్కడి జ్వరాలకు తట్టుకోలేక వారి స్థావరాలు మళ్లీ మళ్లీ విఫలమైనవి. 1845లో తరంగంబాడినీ, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌నూ బ్రిటిష్ వారికి అమ్మివేశారు. మిగిలిన నికోబార్లు 1868లో పోయినవి. తరంగంబాడికి తెలుగు అచ్చుతోనూ సంబంధమున్నది. 1719లో అక్కడికి మతబోధకుడుగా వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసులో తెలుగు నేర్చి, 1746, 47 ప్రాంతంలో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు ముద్రింపించాడు. తెలుగు అక్షరం అచ్చులోకి ఎక్కిన తొలి సందర్భాలలో అది ఒకటి. ఒక్క ప్రశ్న వెంట నడిస్తే ఇన్ని ఊళ్లు తగులుతున్నవి.

అన్నట్లు, ఆ ధనం సుశీల్ కుమార్‌కు సుఖమివ్వలేదు. గెలిచిన తరువాతి కాలం తన జీవితంలో అతి కష్టమైనదని 2020లో అతడే రాసుకున్నాడు. పిమ్మట సంపంగి మొక్కలు నాటించే పనిలో పడ్డాడు, ఉపాధ్యాయ నియామక పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు.

అన్ని ప్రశ్నలూ ఇంత నిజాయితీగా ఉండవు. భారతదేశపు దక్షిణాగ్రం ఏది అన్న ప్రశ్న ఎన్నో పోటీలలో వినబడుతుంది. కన్యాకుమారి అన్న పిల్లవానికి సున్న వేస్తారు. సరియైన జవాబు గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్. కన్యాకుమారి ప్రధాన భూభాగానికి మాత్రమే దక్షిణాగ్రం. ఆ ‘ప్రధాన భూభాగం’ అన్న మాటను ప్రశ్న వేసినవారు స్పష్టం చేయక, శిక్ష మాత్రం పిల్లవానికి వేస్తారు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభపు పాదం నీట మునిగినదన్న సంగతి ఆ సున్న కంటె విలువైన పాఠం. సున్న వేసిన ఉపాధ్యాయుడు అది చెప్పినాడా అన్నది అనుమానమే.

దూరం పోనక్కరలేదు. ధర్మపురి ఏ నది ఒడ్డున ఉన్నది అని తెలుగు బాలుని అడిగితే గోదావరి అంటాడు. శేషప్ప కవి నరసింహ శతకం వల్లించిన నోరు అది. తెలంగాణలోని జగిత్యాల జిల్లా ధర్మపురి అతని మనసులో ఉన్నది. పూర్వం తగడూరు అని పిలువబడిన ఈ ధర్మపురి వేరు. అతడు తప్పు చెప్పలేదు, అడిగినవారు సగం ప్రశ్నే అడిగారు.

పినాకిని విషయం ఇంకా చిక్కైనది. నంది కొండల ప్రాంతంలో రెండు నదులు పుట్టుతున్నవి. ఉత్తర పినాకిని, అనగా పెన్నా, 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరుతుంది. దక్షిణ పినాకిని సుమారు 400 కిలోమీటర్లు నడిచి, హోసూరు, కృష్ణగిరి మీదుగా వచ్చి, కడలూరు వద్ద అదే బంగాళాఖాతంలో కలుస్తుంది. తీర్థమలై యాత్రికులు హనుమతీర్థం వద్ద మునిగేది ఈ నీటిలోనే. రాముని పూజకు హనుమంతుడు జలం తెచ్చుటలో ఆలస్యం కాగా, రాముడు బాణం వేసి కొండపై తీర్థం పుట్టించాడనీ, హనుమంతుడు విసిరివేసిన జలపాత్ర పడినచోటు హనుమతీర్థమైనదనీ స్థలపురాణం. ఈ నదిని తమిళులు తెన్‌పెణ్ణై అంటారు, ఆంగ్ల పటం పొన్నైయార్ అంటుంది, తెలుగు పుస్తకం దక్షిణ పినాకిని అంటుంది. మూడు పేర్లూ ఒకే నీటివని తెలియని విద్యార్థి, రోజూ చూస్తున్న నదిని పరీక్షలో గుర్తించలేక పోతాడు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఇది ఊహాజనితమైన కష్టం కాదు.

జవాబులు కాలంతోపాటు మారడం మరొక చిక్కు. సముద్రతీరం పొడవులో గుజరాత్ తరువాతి రాష్ట్రం ఏది? ఆంధ్రప్రదేశ్, 974 కిలోమీటర్లు అని తరతరాలుగా తెలుగు పిల్లలు గర్వంగా చెప్పినారు. ఇటీవలి కొలతల ప్రకారం దేశపు తీరం 7,516 నుండి 11,098 కిలోమీటర్లకు పెరిగినది. తమిళనాడు తీరం 1,068, ఆంధ్రప్రదేశ్ తీరం 1,053 కిలోమీటర్లుగా లెక్క తేలినది. రెండవ స్థానం తమిళనాడుదైనది. సముద్రం పెరగలేదు, నేల పెరగలేదు. పూర్వం చిన్న ప్రమాణపు పటంపై గీత గీసి కొలిచారు. ఇప్పుడు పెద్ద ప్రమాణపు పటంపై ప్రతి వంకనూ, ప్రతి కయ్యనూ చుట్టి కొలిచారు. కొలబద్ద చిన్నదైనకొద్దీ తీరం పొడవు పెరుగుతుంది. ఇది తెలిసిన పిల్లవానికి ఏ సంఖ్య అడిగినా భయముండదు. సంఖ్య మాత్రమే తెలిసినవాడు పాత గైడుతో సహా మునిగిపోతాడు.

తీర్థమలై చిరునామా కూడా ఇట్టిదే. 1950లో ఇక్కడ పుట్టినవారు మద్రాసు రాష్ట్రంలో, సేలం జిల్లాలో పుట్టారు. నెల్లూరు, చిత్తూరు, విశాఖపట్నం అప్పటికి అదే రాష్ట్రంలో ఉన్నవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడినది. 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా ఏర్పడినది. 1969 జనవరిలో రాష్ట్రం పేరు తమిళనాడు అయినది. 2004 ఫిబ్రవరిలో హోసూరు, కృష్ణగిరి వేరు జిల్లాలోకి వెళ్లిపోయినవి. పుట్టిన జిల్లా ఏది అని మనుమడు తాతను అడిగితే, పుస్తకంలో లేని జవాబు వస్తుంది, ఆ జవాబే ఒప్పు.

అందుచేత ఈ ఉత్సవ సందర్భంలో దాతలు పాఠశాలకు కొత్త పటాలు కొనిపెట్టదలిస్తే, పాత పటాలను అటకెక్కించవద్దని మనవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పటం, అవిభక్త ధర్మపురి జిల్లా పటం కొత్తవాని పక్కనే గోడపై ఉండనివ్వండి. ఒక్కొక్కదాని కింద అది అచ్చయిన సంవత్సరం పెద్ద అక్షరాలతో రాయించండి. నదుల పటంపై తెలుగు పేరు పక్కన తమిళ పేరు కూడా రాయించండి. ఈ పనికి పదవ తరగతి విద్యార్థులు చాలు, ఒక ఆదివారం సరిపోతుంది.