ఒకసారి ఇచ్చిన నంబరు

తయారీ లైను దాటి బయటికి వెళ్లే, నెట్‌వర్క్‌కు తగిలించే ఎలక్ట్రానిక్ బోర్డుకు రెండు గుర్తింపులు ఉంటాయి. మొదటిది సీరియల్ నంబరు. అది తయారీదారు సొంత లెక్క. బోర్డు ఏ వారం తయారైందో, అందులో ఏ విడత విడిభాగాలు పడ్డాయో దాని ద్వారానే తెలుస్తుంది. ఒక విడత కెపాసిటర్లలో లోపం బయటపడితే ఏయే బోర్డులను వెనక్కి రప్పించాలో తేల్చేదీ అదే. రెండోది నెట్‌వర్క్ చిరునామా, అంటే మ్యాక్ అడ్రస్. ఇది ఒక్క సంస్థ లెక్క కాదు, ప్రపంచమంతటిది.

జిరాక్స్ పరిశోధనాశాలలో పుట్టిన, కంప్యూటర్లను కలిపే తొలి ఈథర్నెట్‌లో చిరునామాకు 8 బిట్లే ఉండేవి. 1980లో డెక్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి వెలువరించిన ప్రమాణం దాన్ని 48 బిట్లకు పెంచింది. యంత్రం ఏ నెట్‌వర్క్‌లోకి మారినా దాని నంబరు మారనక్కర్లేదన్న వాదనను ఐఐటీ బొంబాయిలో చదివిన యోగెన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్ 1981 నాటి పత్రంలో వివరించారు. మొదటి 24 బిట్లను ఐఈఈఈ సంస్థ తయారీదారుకు కేటాయిస్తుంది. మిగతా 24 బిట్లతో ఆ తయారీదారు 1,67,77,216 చిరునామాలు ఇచ్చుకోవచ్చు. చిన్న సంస్థలకు 4,096 చిరునామాల విడత కూడా దొరుకుతుంది.

బోర్డులకు ఈ నంబర్లు ఇచ్చే పని కొత్తగా పట్టా పుచ్చుకున్న ఇంజనీరుకు గుమాస్తా పనిలా కనిపించవచ్చు. నిజానికి ఇంజనీరింగ్ శ్రద్ధ అంతా ఇక్కడే కావాలి. టెస్ట్ బెంచి మీద ఆపరేటరు లేబుల్‌ను స్కాన్ చేస్తాడు. సాఫ్ట్‌వేర్ డేటాబేస్ నుంచి తర్వాతి చిరునామా తీసి చిప్‌లో రాస్తుంది, తిరిగి చదివి సరిచూస్తుంది. రాసిన తర్వాత లెక్కలో ఎక్కించేలోపు కరెంటు పోతే? తర్వాతి బోర్డుకూ అదే చిరునామా పడుతుంది. అందుకే ముందు లెక్కలో ఎక్కించి, ఆ తర్వాతే చిప్‌లో రాయాలి. అప్పుడు మధ్యలో ఆగినా ఒక నంబరు వృథా అవుతుందంతే.

ఒకే చిరునామా ఉన్న రెండు బోర్డులు వేర్వేరు ఊళ్లలో ఉంటే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించిన రోజున ఆ చిరునామా ఒక క్షణం ఒక పోర్టులో, మరుక్షణం ఇంకో పోర్టులో కనబడుతుంది. డేటా ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతుంది. టెక్నీషియన్ కేబుళ్లు మారుస్తాడు, స్విచ్ మారుస్తాడు, సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తాడు. కారణం మాత్రం ఎప్పుడో కర్మాగారంలో జరిగిపోయింది.

చిరునామాను ఎక్కడ దాచాలన్నదీ ముఖ్యమే. సన్ సంస్థ వర్క్‌స్టేషన్లు కొన్నిటిలో అది బ్యాటరీ ఆధారంగా నిలిచే చిప్‌లో ఉండేది. బ్యాటరీ అయిపోగానే యంత్రం తన చిరునామానే మరిచిపోయేది. ఇప్పుడు చిరునామా ముందే రాసి, మళ్లీ చెరపడానికి వీల్లేకుండా తాళం వేసిన మెమరీ చిప్‌లు దొరుకుతున్నాయి. సీరియల్ నంబరు నుంచే చిరునామా తీసుకునే పద్ధతీ ఉంది: తొలి ‘రాస్ప్‌బెర్రీ పై’ బోర్డుల్లో సీరియల్ నంబరులోని చివరి 24 బిట్లే మ్యాక్ అడ్రస్‌లోనూ చేరేవి. ఒకే లెక్క రెండు పనులకూ సరిపోయేది.

ప్రయోగశాలలో సొంతంగా చిరునామా పెట్టుకోవాలంటే మొదటి బైటులో అందుకోసమే ఒక బిట్ ఉంది. దాన్ని 1 చేస్తే ఆ చిరునామా స్థానికమని అర్థం. ఇంకొకరి విడతలోంచి నంబరు ఎత్తుకోవాల్సిన పని లేదు. పరీక్షలో తప్పి తుక్కులోకి వెళ్లిన బోర్డు చిరునామాను కూడా మరో బోర్డుకు ఇవ్వకూడదు. తుక్కు అనుకున్న బోర్డులు బాగుపడి మళ్లీ వాడకంలోకి రావడం ఈ పరిశ్రమలో మామూలే.