గ్రాంటుకు ముందు లెక్కల పుస్తకం
(వేల్పూర్ యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ గ్రాంటు దయాభిక్ష కాదు. మైనారిటీల యాజమాన్యంలో ఉన్నదన్న కారణంతో, సాయం మంజూరులో ఏ విద్యాసంస్థపైనా వివక్ష చూపరాదని రాజ్యాంగం 30(2) అధికరణం శాసిస్తున్నది. అయినా ద్వారాలు ఇరుకవుతున్నాయి. 1989లో ఏర్పడి, స్వచ్ఛంద సంస్థల పాఠశాలలకు, వసతిగృహాలకు నిధులిచ్చిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆ నిర్ణయాన్ని ప్రశ్నిస్తూనే ఉందాం.

మిగిలిన ద్వారాల వద్ద మొదట అడిగేది కాగితాలే. సొసైటీగా రిజిస్టరైన సంఘం ఏటా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించాలి. కేంద్ర నిధులకు ఎన్జీవో దర్పణ్ సంఖ్య ఉండాలి. సాధారణంగా మూడేళ్ల ఆడిట్ లెక్కలు చూస్తారు. పసుపు అమ్మిన రైతు తక్‌పట్టీని పెట్టెలో భద్రంగా దాచుకుంటాడు. సాయంకాలం ఉచితంగా చదువు చెప్పే మన పిల్లలు మాత్రం సుద్దముక్కల ఖర్చైనా రాసిపెట్టరు. రాయని సేవకు దరఖాస్తులో చోటుండదు. గ్రాంటు వచ్చాక వినియోగ ధ్రువపత్రం ఇవ్వకుంటే తదుపరి విడత నిలిచిపోతుంది. ఇప్పిస్తామంటూ ముందే కమిషన్ అడిగేవారిని, దయచేసి, గడప తొక్కనీయకండి.

నగదు పుస్తకం, హాజరు పట్టీ, తీర్మానాల పుస్తకం ఈ వారమే తెరవండి. తీర్మానాల కింద మన ఆడపిల్లల సంతకాలూ ఉండాలి. చదువు చెబుతున్నది ఎక్కువగా వారే.